ఎంపాక్స్ అనుమానం వస్తే ఏం చేయాలి: హెచ్‌ఐవి ఉన్నా, లేకపోయినా

ఎంపాక్స్ మాట ఎత్తితే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. హెచ్‌ఐవి ఉన్నవాళ్లు "నాకిది వస్తే ఇక అంతేనా?" అని హడలిపోతారు. లేనివాళ్లు, అంటే లేదని అనుకునేవాళ్లు, "మనకెందుకొస్తుందిలే" అని వదిలేస్తారు. రెండూ తప్పే. ఒళ్లంతా పొక్కులొచ్చి, నొప్పితో నానా అవస్థ పడి, మూడు నాలుగు వారాల్లో మామూలుగా లేచి తిరిగినవాళ్లలో హెచ్‌ఐవి ఉన్నవాళ్లు బోలెడంత మంది. ప్రాణం మీదికి వచ్చినవాళ్లలో తమకు హెచ్‌ఐవి ఉందన్న సంగతి ఆసుపత్రిలో చేరాకే తెలిసినవాళ్లు ఉన్నారు. అసలు తేడా తెచ్చేది ఒంట్లో సీడీ4 కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, హెచ్‌ఐవి దెబ్బతీసేది వీటినే) ఎన్ని మిగిలాయి, హెచ్‌ఐవి మందులు వాడుతున్నారా లేదా అన్న రెండు విషయాలు. కింద రాసిందంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు రోగం సంగతి గబగబా. ఇది మశూచి వైరస్‌కి దాయాది. 1958లో ప్రయోగశాల కోతుల్లో మొదట కనపడింది కాబట్టి మంకీపాక్స్ అని పేరు పెట్టేశారు గానీ, అడవిలో దీన్ని మోసేవి ఎలుక, ఉడుత జాతి జంతువులై ఉంటాయని అనుమానం. కోతులు ఊరికే బద్నాం అయ్యాయి. మనిషిలో మొదటిసారి తేలింది 1970లో, కాంగోలో. 2022లో ప్రపంచమంతా పాకినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరును ఎంపాక్స్‌గా మార్చింది. ఇందులో క్లేడ్ 1, క్లేడ్ 2 అని రెండు శాఖలున్నాయి. 2022లో దేశదేశాలు తిరిగింది 2బి, కాంగో నుంచి చుట్టుపక్కల దేశాలకు పాకి 2024 ఆగస్టులో మళ్లీ ఎమర్జెన్సీ ప్రకటించాల్సి వచ్చేలా చేసినవాటిలో ముఖ్యమైనది 1బి. మీకొచ్చింది ఏ శాఖ అన్నది ల్యాబ్‌వాళ్లు తేలుస్తారు. ఇంట్లో మీరు చేయాల్సిన పని మాత్రం మారదు.

ఎలా అంటుకుంటుంది, ఎలా అంటుకోదు

పొక్కుకి చర్మం తగిలితే అంటుకుంటుంది. ముద్దు, సెక్స్, ఒకే పక్క మీద ఒకరినొకరు ఆనుకుని పడుకోవడం, రోగి వాడిన టవలు, దుప్పటి, రేజరు, ఇవన్నీ దారులే. దగ్గరగా ముఖాముఖి చాలాసేపు మాట్లాడుకున్నా రావచ్చు. గర్భిణి నుంచి కడుపులో బిడ్డకీ వెళ్తుంది. 2022లో ఎక్కువగా మగవాళ్లతో సెక్స్ చేసే మగవాళ్లలో పాకింది కాబట్టి "అది వాళ్ల రోగం" అనే మాట పుట్టింది గానీ, వైరస్‌కి కావాల్సింది తగలడానికి ఒక ఒళ్లు, అంతే. పిల్లలకీ వస్తుంది, ఆడవాళ్లకీ వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే మూడు సంగతులున్నాయి. కండోమ్ వాడితే ఎంపాక్స్ రాదు అనుకోవద్దు. కండోమ్ కప్పేది కొంత మేరే, పొక్కు తొడ మీద ఉంటే అదేం చేస్తుంది? రోజూ హెచ్‌ఐవి రాకుండా ప్రెప్ మాత్ర వేసుకుంటున్నాం కదా అనుకోవద్దు, అది హెచ్‌ఐవిని తప్ప దీన్ని ఆపదు. మూడోది హెచ్‌ఐవి ఉన్నవాళ్లకి. మందులు సరిగ్గా వాడి వైరల్ లోడ్, అంటే రక్తంలో ఉన్న హెచ్‌ఐవి వైరస్ లెక్క, టెస్టులో కనపడనంతగా తగ్గితే సెక్స్ ద్వారా మీ నుంచి ఎవరికీ హెచ్‌ఐవి అంటదు, అది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆ లెక్క హెచ్‌ఐవికి మాత్రమే. ఎంపాక్స్ పొక్కు ఉంటే మీ వైరల్ లోడ్ ఎంత బాగున్నా అది అంటుకుంటుంది.

ఎంపాక్స్ ఉన్న మనిషిని తాకారు, ఇంకా ఏమీ రాలేదు

క్యాలెండర్‌లో ఆ తేదీ రాసి పెట్టుకోండి. అక్కడి నుంచి 21 రోజులు రోజూ ఒళ్లు చూసుకోవాలి, అద్దం పెట్టి వెనక భాగం కూడా. జ్వరం, గజ్జల్లోనో మెడలోనో బిళ్లలు కట్టడం, మలద్వారం దగ్గర కారణం లేని నొప్పి, నోట్లో పుండు, ఏదొచ్చినా అక్కడితో ఎవరినీ తాకకుండా ఆగి డాక్టర్‌కి చెప్పండి. ఒంటి మీద ఏదీ కనపడకముందే, 1 నుంచి 4 రోజుల ముందు నుంచే, కొందరు వైరస్‌ని అంటించగలరు. అందుకని ఈ 21 రోజులు సెక్స్ మానేయడం మంచిది. వినడానికి కష్టమే, కానీ మూడు వారాలేగా.

టీకా దొరికే చోట ఉంటే వెంటనే అడగండి. తగిలిన 4 రోజుల లోపు వేసుకుంటే రోగం రాకుండానే ఆగే అవకాశం ఎక్కువ, 4 నుంచి 14 రోజుల మధ్య వేసుకుంటే రోగం వచ్చినా తీవ్రత తగ్గొచ్చు. ఇక్కడ హెచ్‌ఐవి ఉన్నవాళ్లు ఒక ప్రశ్న అడిగి తీరాలి: ఏ టీకా? ఎంవీఏ-బీఎన్ అనే టీకా ఉంది, జిన్నియోస్ అనే పేరుతోనూ దొరుకుతుంది, అందులోని వైరస్ మన ఒంట్లో పెరగదు కాబట్టి హెచ్‌ఐవి ఉన్నవాళ్లు, సీడీ4 తక్కువున్నవాళ్లు కూడా వేసుకోవచ్చు. 28 రోజుల తేడాతో రెండు డోసులు. ఏకామ్2000 అనే పాత రకం టీకా మాత్రం వేరు, అందులో పెరిగే వైరస్ ఉంటుంది, హెచ్‌ఐవి ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. జపాన్‌లో తయారైన ఎల్‌సీ16 కూడా ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్లకి వేయరు. టీకా వేసే మనిషికి మీ హెచ్‌ఐవి సంగతి చెప్పడానికి మొహమాటపడితే నష్టపోయేది మీరే.

ఒక డోసు వేసుకుని "అయిపోయింది" అనుకునేవాళ్లు చాలామంది. రెండో డోసు కూడా వేసుకోండి.

పొక్కు కనపడింది

ఎంపాక్స్ పొక్కు మొదట చిన్న మచ్చలా ఉంటుంది, తర్వాత ఉబ్బుతుంది, నీరు పడుతుంది, చీము పడుతుంది, నడుమ చిన్న గుంట కూడా ఉండొచ్చు, చివరికి పక్కు కట్టి రాలిపోతుంది. గట్టిగా, చర్మం లోపలికి పాతినట్టు ఉంటుంది. ఆటలమ్మలో పొక్కులు విడతలు విడతలుగా వస్తాయి, ఒకే చోట కొత్తవీ పాతవీ కలిసి కనపడతాయి. ఎంపాక్స్‌లో ఒక భాగంలోవి ఎక్కువగా ఒకే దశలో ఉంటాయి, అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తాయి, బిళ్లలు కడతాయి. పుస్తకంలో లెక్క ఇది. కానీ 2022 నుంచి చూస్తున్న కేసుల్లో ఒకే ఒక్క పొక్కుతో వచ్చినవాళ్లున్నారు, జ్వరమే రానివాళ్లున్నారు, పైన ఏమీ లేకుండా మలద్వారం లోపల పుండ్లతో కూర్చోలేక ఏడ్చినవాళ్లున్నారు. సిఫిలిస్ అనుకుని, హెర్పిస్ అనుకుని, మొలలనుకుని మందులు వాడుతూ రోజులు గడిపేసిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ఫోటో తీసి స్నేహితులకి పంపి "ఇది అదేనా?" అని అడగడం వల్ల ఒరిగేది లేదు. ఫోటో చూసి చర్మ డాక్టర్లే తడబడతారు.

టెస్టు అంటే పొక్కుని దూదిపుల్లతో గట్టిగా రుద్ది తీసే స్వాబ్, దాని మీద పీసీఆర్, అంటే వైరస్ జన్యువుని పట్టే ల్యాబ్ పరీక్ష. కాస్త నొప్పిగా ఉంటుంది, పైపైన తుడిచి పంపితే వైరస్ అందక పోవచ్చు కాబట్టి ఓర్చుకోండి. రక్త పరీక్ష ఒక్కదానితో దీన్ని తేల్చరు. వెళ్లే ముందు ఫోన్ చేసి చెప్పండి, మాస్కు పెట్టుకోండి, పొక్కులు కనపడకుండా పొడుగు చేతుల బట్టలు వేసుకోండి. పొక్కుని పొడిచి చీము తీసే ప్రయత్నం మాత్రం వద్దు, వేళ్లకంటిన వైరస్ కంట్లోకి వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు.

అదే రోజు హెచ్‌ఐవి టెస్టు

ఈ గైడ్‌లో ఒక్క పేరా చదివి వెళ్లిపోతానంటే ఇది చదవండి. ఎంపాక్స్ అనుమానంతో వెళ్లినప్పుడే హెచ్‌ఐవి టెస్టు అడిగి చేయించుకోండి, వాళ్లు అడక్కపోయినా. సిఫిలిస్, గనేరియా, క్లమీడియా టెస్టులు కూడా. 2022లో 16 దేశాల్లోని 528 మంది ఎంపాక్స్ రోగుల్ని చూసిన ఒక పెద్ద అధ్యయనంలో 41 శాతం మందికి హెచ్‌ఐవి ఉంది, టెస్టు చేయించుకున్నవాళ్లలో 29 శాతం మందికి ఇంకో సుఖవ్యాధి కూడా బయటపడింది. ఒకే దారిలో వచ్చే రోగాలు కదా, కలిసే ప్రయాణం చేస్తాయి.

అదే అధ్యయనంలో హెచ్‌ఐవి ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ రోగం దాదాపు ఒకేలా నడిచింది. చనిపోయినవాళ్లు లేరు, ఆసుపత్రిలో చేరింది 13 శాతం, అందుకు అన్నిటికన్నా ఎక్కువగా కనపడ్డ కారణం భరించలేని నొప్పి. ఇది చూసి "హెచ్‌ఐవి ఉన్నా ఏం కాదు" అని చాలామంది రాసేశారు. కానీ అక్కడి హెచ్‌ఐవి రోగుల్లో దాదాపు అందరూ ఏఆర్‌టి మందుల (హెచ్‌ఐవిని అణచి ఉంచే మందులు) మీద ఉన్నవాళ్లు, వాళ్ల సీడీ4 మధ్యస్థంగా, మైక్రోలీటరు రక్తంలో, 680. అంటే మామూలు మనిషితో సమానం.

తర్వాతి కథ 2023లో వచ్చింది. ఈసారి సీడీ4 350 కన్నా తక్కువ ఉన్న 382 మందిని చూశారు. 27 మంది చనిపోయారు, ఆ 27 మందీ సీడీ4 200 కన్నా తక్కువ ఉన్నవాళ్లే. వాళ్లలో పొక్కులు ఎండిపోలేదు. ఒకదానికొకటి కలిసిపోయి, నల్లబడి, కండ కుళ్లి, ఊపిరితిత్తుల దాకా వెళ్లాయి. అమెరికాలో 2022లో ఎంపాక్స్ తీవ్రమై ఆసుపత్రిలో చేరిన 57 మంది గురించి ఒక నివేదిక ఉంది: వాళ్లలో 47 మందికి హెచ్‌ఐవి, ఆ 47 మందిలో ఏఆర్‌టి వాడుతున్నది నలుగురే. ఆ నలుగురు అన్న అంకె చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది, ఎందుకంటే ఆ మాత్రలు అప్పటికే దశాబ్దాలుగా ఉన్నాయి.

అందుకని టెస్టులో హెచ్‌ఐవి తేలినా, ఇంతకుముందే ఉన్నా, అడగాల్సిన రెండు అంకెలు: నా సీడీ4 ఎంత, నా వైరల్ లోడ్ ఎంత. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి సీడీ4 సాధారణంగా 500 నుంచి 1500 మధ్య ఉంటుంది. 350 కన్నా ఎక్కువ ఉండి, వైరల్ లోడ్ కనపడనంత తక్కువుంటే టెన్షన్ తగ్గించుకోండి, మీ ఎంపాక్స్ హెచ్‌ఐవి లేని మనిషిలో నడిచినట్టే నడిచే అవకాశం ఎక్కువ. 200 కన్నా తక్కువైతే ఇంట్లో కూర్చుని చూద్దాంలే అనుకోవద్దు, ఒక్క పొక్కే ఉన్నా డాక్టర్ కనుసన్నల్లో ఉండాలి. మధ్యలో ఉన్నవాళ్లు రెండు మూడు రోజులకోసారి డాక్టర్‌తో మాట్లాడుతూ ఉండటం నయం. రెండేళ్ల కిందటి సీడీ4 కాగితం పట్టుకుని "నాది బాగానే ఉంది" అనడం కూడా కుదరదు, మధ్యలో మందులు ఆపి ఉంటే మరీను.

టెస్టు నెగెటివ్ వచ్చినవాళ్లకి ఒక చిన్న మాట. హెచ్‌ఐవి ఈ మధ్యే అంటుకుని ఉంటే మొదటి కొన్ని వారాలు టెస్టుకి దొరకదు. 3 నెలలకి మళ్లీ చేయించుకోండి. ఎంపాక్స్ అంటిన ఆ కలయిక జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవి రాకుండా వేసే పెప్ మందుల గురించి అప్పుడే అడగండి, ఆ గడువు దాటితే లాభం లేదు. ఇంకో సంగతి, హెచ్‌ఐవి లేనంత మాత్రాన అందరూ నిశ్చింతగా ఉండలేరు: క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు, వీళ్లు కూడా త్వరగా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవాళ్లే.

ఏఆర్‌టి మందులు: ఆపొద్దు, దాచొద్దు

మందుల మీద ఉన్నవాళ్లు ఎంపాక్స్ వచ్చిందని ఒక్క రోజు కూడా ఆపకూడదు. నోట్లో పుండ్ల వల్ల మింగలేకపోతే చెప్పండి, దారి చూస్తారు. కొత్తగా హెచ్‌ఐవి తేలినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025లో ఇదే చెప్పింది.

ఇందులో ఒక చిక్కుంది. సీడీ4 బాగా పడిపోయినవాళ్లు మందులు మొదలుపెట్టగానే ఇమ్యూనిటీ ఒక్కసారిగా నిద్ర లేచి, ఒంట్లో ఉన్న వైరస్ మీద విరుచుకుపడుతుంది, ఆ పోరులో పొక్కులు తగ్గకపోగా ముదురుతాయి. దీన్ని డాక్టర్లు ఐరిస్ అంటారు. 2023 అధ్యయనంలో మందులు మొదలుపెట్టిన లేదా మళ్లీ మొదలుపెట్టిన 85 మందిలో 21 మందికి ఇది వచ్చి ఉంటుందని అనుమానించారు, వాళ్లలో 12 మంది చనిపోయారు. ఇది చదివి మందులు వద్దనుకోకండి, మందులు లేకుండా ఆ సీడీ4 తో ఎంపాక్స్‌ని ఎదుర్కోవడం ఇంకా ప్రమాదం. దీని వల్ల చేయాల్సింది ఒక్కటే: ఎప్పుడో మానేసిన పాత మాత్రల డబ్బా బయటికి తీసి ఎవరికీ చెప్పకుండా వేసుకోవడం మొదలుపెట్టొద్దు. ఎప్పుడు మానేశారో, ఎన్నాళ్లు మానేశారో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమో అని చాలామంది దాస్తారు. తిట్టినా సరే, చెప్పండి.

ఇంట్లో చూసుకోవడం

ఎక్కువమందికి ఇల్లే ఆసుపత్రి. వేరే గది, వేరే టవలు, వేరే గిన్నెలు. నొప్పికి పారాసిటమాల్, అది చాలకపోతే ఏం వాడాలో అడగండి, పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వొద్దు. నోట్లో పుండ్లకి రోజుకి కొన్నిసార్లు ఉప్పు నీళ్లతో పుక్కిలించండి. మలద్వారం, మర్మాంగాల దగ్గర నొప్పికి గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చుంటే ఎంతో హాయి, విరేచనం మెత్తగా వచ్చేలా మందు కూడా అడిగి తీసుకోండి. దీన్ని సిగ్గుపడి చెప్పనివాళ్లు ఎక్కువ, కానీ ఎంపాక్స్‌లో మనిషిని కుంగదీసేది చాలాసార్లు ఈ నొప్పే. పొక్కులు శుభ్రంగా, పొడిగా ఉంచండి, గోళ్లు కత్తిరించుకోండి, పొక్కులున్న చోట గడ్డం గీయొద్దు. చేతికందిన ఆయింట్‌మెంట్ రాయొద్దు, ముఖ్యంగా స్టెరాయిడ్ కలిసినవి. కాంటాక్ట్ లెన్సులు పూర్తిగా పక్కన పెట్టేయండి.

పక్క బట్టల్ని దులపొద్దు, అలాగే చుట్టి తీసుకెళ్లి వేడి నీళ్లు, డిటర్జెంట్‌తో ఉతకండి. తలుపు గడియలు, బాత్రూమ్ బ్లీచ్ నీళ్లతో తుడవండి. పెంపుడు జంతువులు ఉంటే వాటిని కూడా దూరంగా ఉంచండి. ఇంట్లో హెచ్‌ఐవి ఉన్నవాళ్లో, గర్భిణో, పసిపిల్లలో ఉంటే సేవ చేసే పని వాళ్లకి అప్పగించొద్దు.

ఎప్పటిదాకా? పక్కులన్నీ రాలి, కింద కొత్త చర్మం వచ్చేదాకా. మామూలుగా 2 నుంచి 4 వారాలు, సీడీ4 తక్కువున్నవాళ్లకి నెలలు కూడా పట్టొచ్చు. ఆ తర్వాత కూడా 12 వారాలు కండోమ్ వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఎప్పుడు పరుగెత్తాలి

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, మసకబారినా అదే రోజు వెళ్లాలి, ఎంపాక్స్ వల్ల చూపు పోయినవాళ్లున్నారు. ఊపిరాడకపోవడం, మగత, తల తిరగడం, మూర్ఛ, మెడ బిగుసుకుపోవడం, నీళ్లు కూడా మింగలేకపోవడం, మూత్రం రాకపోవడం, పొక్కు చుట్టూ వాచి ఎర్రబడి వేడెక్కడం, ఇవి హెచ్‌ఐవి ఉన్నా లేకపోయినా అందరికీ. సీడీ4 తక్కువున్నవాళ్లు వీటికి తోడు ఇంకో మూడు చూసుకోవాలి: రెండు వారాలు దాటినా కొత్త పొక్కులు వస్తూనే ఉండటం, పొక్కులు కలిసిపోవడం, నల్లబడటం.

టెకోవిరిమాట్ అనే మందు కోసం జనం ఊళ్లు తిరుగుతుంటారు. 2024లో కాంగోలో చేసిన పరిశోధన, అదే ఏడాది చివర్లో వచ్చిన ఇంకో పరిశోధన, రెండూ ఆ మందు వల్ల పొక్కులు త్వరగా మానలేదనే చెప్పాయి. అయితే కాంగో పరిశోధనలో ఇంకో ముఖ్యమైన సంగతి బయటపడింది: మందు ఇచ్చినా, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా, అందులో చేరినవాళ్లలో చనిపోయింది 1.7 శాతమే, ఆ దేశంలో మామూలుగా నమోదయ్యేదాని కన్నా బాగా తక్కువ. ఆసుపత్రిలో ఉంచి నీళ్లు, తిండి, నొప్పి, ఇన్ఫెక్షన్లు సరిగ్గా చూసుకున్నారు, అది పనిచేసింది. బాగా విషమించినవాళ్లకి డాక్టర్లు ఈ మందుని, ఇంకొన్నిటిని ఇప్పటికీ ప్రయత్నించవచ్చు, ఆ నిర్ణయం వాళ్లకే వదిలేయండి.

మిగిలినవాళ్లకి చెప్పడం

ఎవరి నుంచి వచ్చిందో తవ్వడం తర్వాత, ముందు మీ నుంచి ఎవరికి వెళ్లి ఉంటుందో వాళ్లకి చెప్పాలి. పొక్కు కనపడటానికి 4 రోజుల ముందు నుంచి మీరు తాకినవాళ్లందరికీ. నోట మాట రాకపోతే మెసేజ్ చాలు: "నాకు ఎంపాక్స్ తేలింది. మనం ఫలానా తేదీన కలిశాం. అక్కడి నుంచి 21 రోజులు ఒళ్లు చూసుకో, టీకా దొరుకుతుందేమో ఇవాళే అడుగు, హెచ్‌ఐవి టెస్టు కూడా చేయించుకో." మీ హెచ్‌ఐవి సంగతి ఇందులో రాయాల్సిన పని లేదు, అది మీ ఇష్టం. తేదీ మాత్రం సరిగ్గా రాయండి, టీకాకి ఉన్న ఆ 4 రోజులు వాళ్లు లెక్కపెట్టుకునేది ఆ తేదీ నుంచే.